తెల్లవారుజామున తీసిన పైరు ఫొటోలలో రంగు తప్పుట

మన సంఘ సభ్యులలో పెక్కుమంది పైరున ఆకు రంగు మారినప్పుడు సెల్‌ఫోనుతో ఫొటో తీసి మాకు పంపుచున్నారు. అంత దూరము నడిచి వచ్చి చెప్పనక్కర లేక, చేలో నిలిచియే సలహా పొందగలుగుట మంచి సదుపాయమే. అయితే ఈ ఫొటోలలో అధిక భాగము తెల్లవారుజామున తీసినవి. రైతు చేనికి పోవునది ఆ వేళనే గదా! నీటివంతు చూచుకొనుటకో, మోటారునకు కరెంటు వచ్చు వేళకో పోయి, గట్టున నిలిచి నాలుగు ఫొటోలు తీసి, కూలీలను పిలుచుటకు ఊరిలోనికి మరలుచున్నాడు. ఆ వేళ తీసిన ఫొటోలో రంగు చాలవరకు నమ్మదగినది కాదు. ఒకే మడి ఒక ఫొటోలో పసుపు పూసినట్లును, మరియొకదానిలో నీలిమందు కలిపిన నీటివలెను, ఇంకొకదానిలో గులాబి ఛాయతోను కనబడుచున్నది. పైరు మారలేదు, వెలుతురు మారినది, లేదా కెమేరా పొరబడినది. ఏది యెందువలన జరిగినదో తెలిసికొను విధమును, సరిచేయు విధమును ఈ పాఠములో వ్రాయుచున్నాము.

ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకొనవలసి యున్నది. ఒక సార్వాలో ఒక కౌలురైతు తన సాంబ మసూరి పైరు పిలకలు తొడుగుచుండగా ఫొటో తీసి పంపెను. ప్రొద్దు అప్పుడే పొడిచినది. మడి యంతయు పాలిపోయి పసుపుపచ్చగా నుండెను. మేము చూచిన వెంటనే నత్రజని చాలలేదని నిశ్చయించి, ఎకరమునకు ఒక బస్తా యూరియా చల్లుమంటిమి. 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోలకు పైగా నుండును. ఆయన అరువు తెచ్చి చల్లెను. మూడు వారముల తరువాత మేము ఆ దారిని పోవుచు చేను చూచితిమి. ఆకులు నల్లని పచ్చదనముతో మెత్తబడి వ్రాలి యున్నవి; దుబ్బు విడదీసి చూడగా మొదళ్లయందు సుడిదోమ. నత్రజని మితిమీరిన పైరున సుడిదోమ పెచ్చు పెరుగునని మేమే ఊరూర చెప్పుచుందుము! ఇంటికి వచ్చి ఆ పాత ఫొటోను మరల తీసి చూచితిమి. మడి మూలను ఒక తెల్లకొంగ నిలిచి యున్నది. ఆ కొంగయు పసుపుగానే యున్నది. కొంగ పసుపుగా నున్న ఫొటోలో పైరు పసుపుగా నున్నదని మేమెట్లు నమ్మితిమో నేటికిని మాకు సిగ్గుగా నున్నది. మందుల ఖర్చు ఆయనది, మాట మాది.

ఆనాటినుండి ఎవరు ఫొటో పంపినను మేము మొదట పైరును చూడము. అందులో తెల్లనిదేదైన నున్నదా యని వెదకుదుము.

వెలుతురు సంగతి

సూర్యుని వెలుతురు అన్ని రంగుల కలయిక. మధ్యాహ్నము సూర్యుడు నడినెత్తిమీద నున్నప్పుడు ఆ వెలుతురు మనమీద పడుటకు తక్కువ మందముగల గాలిని దాటి వచ్చును. ప్రొద్దు పొడుచునప్పుడు అదే వెలుతురు నేలను ఒరసికొనుచు అడ్డముగా వచ్చును గనుక, అప్పుడు దాటవలసిన గాలి నడినెత్తినాటికంటె సుమారు 38 రెట్లు. గాలిలోని అణువులు నీలపు వెలుతురును ఎక్కువగాను, ఎరుపును తక్కువగాను చెదరగొట్టును. ఈ సూత్రమును 1871లో రేలీ ప్రభువను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వివరించెను; ఆయన లెక్క ప్రకారము నీలము ఎరుపుకంటె నాలుగు రెట్లు చెదరును. చెదరిన నీలము ఆకాశమంతట నిండును. చెదరక మిగిలిన పసుపు, ఎరుపులు సూటిగా మన చేలో పడును.

మేము మిషను బడిలో చదువునపుడు మాస్టరుగారు దీనినే గాజుగ్లాసులో చూపిరి. గ్లాసు నిండ నీరు పోసి రెండుమూడు చుక్కల పాలు కలిపి, చీకటిగదిలో ఒక వైపునుండి టార్చిలైటు వేసిరి. ప్రక్కనుండి చూచిన పిల్లలకు నీరు నీలపు ఛాయతో కనబడెను. దీపమునకు ఎదురుగా నిలిచి నీటిగుండ చూచిన పిల్లలకు దీపము ఎర్రబారి కనబడెను. మీ సెల్‌ఫోను దీపముతో ఇంటిలోనే దీనిని చేసి చూడవచ్చును. పాలు ఎక్కువ పోసిన తెల్లగానే యుండును, చుక్కలే చాలును.

ఇక ప్రొద్దు పొడువకముందు సంగతి. అప్పుడు సూర్యుని సూటి వెలుతురు చేలో పడనే పడదు. ఆకాశపు వెలుతురు మాత్రమే యుండును. అది నీలము. పై ఆకాశమునందలి ఓజోను వాయువు కూడ నారింజ, పసుపు భాగములను కొంత మ్రింగి ఈ నీలమును హెచ్చించును. కావున చీకటి విడిన వేళ తీసిన ఫొటో నీలముగాను, ప్రొద్దు పొడిచిన కొంతసేపటికి తీసినది పసుపెరుపుగాను వచ్చుట వింత గాదు. ఒకే మనుష్యుడు ఒకే గట్టుమీద అరగంట నిలిచి తీసిన రెండు ఫొటోలు రెండు గ్రామముల చేలవలె నుండును.

వెలుతురు రంగును ఫొటోగ్రాఫర్లు ‘కెల్విన్’ అను వేడి కొలతతో చెప్పుదురు. కమ్మరి కొలిమి చూచినవారికి ఇది సులభముగా బోధపడును. ఇనుము మొదట ఎర్రగాను, మరికొంత వేడికి పసుపుగాను, ఇంకను వేడి ఎక్కిన తెల్లగాను కాగును. ఆ వరుసలోనే క్రొవ్వొత్తి వెలుతురు సుమారు 1,900, ఉదయించు సూర్యుని వెలుతురు 2,000 మొదలు 3,000, మధ్యాహ్నపుటెండ 5,500, మబ్బు పట్టిన పగలు 6,500, ఎండ తగులని చోట నీలాకాశపు వెలుతురు 7,000 మొదలు 10,000, ఒక్కొక్కప్పుడు అంతకు పైన. అంకె పెరిగినకొలది వెలుతురు నీలపు వైపు పోవునని గుర్తుంచుకొనిన చాలును.

కన్నును కెమేరాయును

మరి ఇంత తేడా యున్నను చేలో నిలిచిన రైతునకు పైరు రంగు మారినట్లు తోపదేమి? మన కన్ను వెలుతురునకు తానే సర్దుకొనును. దీపపు వెలుతురులోను పంచె తెల్లగానే కనబడును, ఎండలోను తెల్లగానే కనబడును. తెలుపు ఇదియని మనస్సు పట్టుకొని, తక్కిన రంగులను దానినిబట్టి చూచును. కెమేరాకు అట్టి మనస్సు లేదు. దానిలోని పలకమీద లక్షలకొలది సూక్ష్మమైన గళ్లుండి, ఒక్కొక్క గడికి ఒక్కొక్క రంగు అద్దము కప్పబడి యుండును. నాలుగింటిలో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలము. ఈ అమరికను కొడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయరు కనిపెట్టగా 1976లో పేటెంటు వచ్చినది. నేటి సెల్‌ఫోనులలో పెక్కు ఈ పద్ధతివే, లేదా దీనినుండి పుట్టినవే.

ఈ గళ్లు పట్టిన కొలతలనుబట్టి వెలుతురు రంగెట్టిదో ఫోను ఊహించి, తెల్లనిది తెల్లగా కనబడునట్లు రంగులను దిద్దును. దీనికి ‘వైట్ బాలెన్సు’ అని పేరు. ఊహించుటకు పాతకాలమునుండి ఉన్న ఉపాయమేమనగా, ఏ దృశ్యమునందైనను రంగులన్నియు కలిపి సగటు చూచిన బూడిదరంగు రావలెనని తలంచుట. బజారును, పెండ్లిపందిరిని తీయునప్పుడు ఇది చాలవరకు సరిపోవును. వరిమడిలో సరిపోదు. అందు చూపుమేర ఆకుపచ్చయే. యంత్రము దానిని చూచి, వెలుతురే ఆకుపచ్చగా నున్నదని పొరబడి, దానికి విరుగుడైన గులాబి ఛాయను కలుపును. ప్రత్తిచేను, చెరకుతోట, పసుపుమడి దగ్గరనుండి నిండుగా తీసిన ఫొటోలలో ఎర్రబారిన ఛాయ వచ్చుటకు ఇదియొక కారణము. ప్రత్తి ఆకు అంచులు ఎర్రబారిన పచ్చదోమ యని అనుమానింతుము గదా. ఇట్టి ఫొటో చూచి మందు కొట్టిన నష్టమెవరికి? క్రొత్త ఫోనులు మరికొంత తెలివిగా ఊహించునుగాని, పొరబాటు పూర్తిగా పోలేదు.

కొన్ని ఫోనులలో ఇంకొక చిక్కున్నది. చెట్టుచేమలను గుర్తుపట్టి పచ్చదనమును తామే హెచ్చించును. తెరమీద చిన్న ఆకు బొమ్మయో, చెట్టు బొమ్మయో కనబడిన ఈ పని జరుగుచున్నదని తెలియవలెను. చూపునకు ఇంపుగా నుండును. పాలిపోయిన ఆకును పచ్చగా చూపి రోగమును దాచును. పైరు ఫొటో తీయునప్పుడు దీనిని తీసివేయవలెను. ‘ఫిల్టరు’లనబడు అలంకారములును అట్టివే.

ఏ రంగు తప్పినది, ఎందుకు

ఫొటో యంతయు పసుపెరుపుగా నున్నచో ఉదయసూర్యుని వెలుతురే కారణము కావచ్చును. ఇట్టి ఫొటోలో పచ్చని ఆకు పాలిపోయినట్లు కనబడి, నత్రజని లోపమని మోసపుచ్చును. ఆకాశమును, గట్టున మట్టిని, మనుష్యుల బట్టలను కూడ చూడుడు; అన్నియు పసుపుగా నున్న యెడల నేరము పైరుది గాదు.

అయితే అంతకు ముందొకటి పరీక్షింపవలెను. నేటి ఫోనులలో రాత్రివేళ కండ్లకు హాయిగా నుండుటకై తెరను పసుపుగా మార్చు ఏర్పాటున్నది. కొందరు దీనిని సూర్యాస్తమయమునుండి సూర్యోదయమువరకు దానంతటదే పనిచేయునట్లు పెట్టుకొని మరచిపోవుదురు. తెల్లవారుజామున తీసిన ఫొటోను అప్పుడే తెరమీద చూచిన పసుపుగా నుండును. పది గంటలకు చూచిన సరిగా నుండును! ఒక సభ్యుడు ఈ కారణముచేతనే తన ఫోను కెమేరా చెడినదని మరమ్మతు దుకాణమునకు తీసికొనిపోయెను. ఫొటోను మరియొకరి ఫోనునకు పంపి చూచిన యెడల సంగతి తేలిపోవును.

ఫొటో నీలముగా నున్నచో సూర్యుడు రాకముందు తీసినది, లేక ఎండ తగులని నీడలో తీసినది. ఇది పసుపుకంటె అపాయకరమని మా అభిప్రాయము. పసుపు ఫొటో లేని రోగమును చూపును. నీలపు ఫొటో ఉన్న రోగమును దాచును. పసుపు ఆకుమీద నీలపు వెలుతురు పడినప్పుడు అది మాసిన బూడిదపచ్చగా కనబడును. టుంగ్రో తెగులున ఆకు కొననుండి క్రిందికి దిగు నారింజపసుపును, జింకు లోపమున క్రింది ఆకులమీద వచ్చు తుప్పురంగు మచ్చలును ఈ నీలములో మరుగుపడిపోవును.

ఒకే ఫొటోలో సగము పసుపు, సగము నీలముగా నుండుట మిక్కిలి సామాన్యము. ఎండ తగిలిన భాగము సూర్యునిది, నీడ భాగము ఆకాశముది. రెండు వెలుతురులకును ఒకే దిద్దుబాటు సరిపోదు. ఒక వైపు సరిచేసిన రెండవ వైపు మరింత చెడును. పశువులపాక దీపము వెలుగుచుండగా దానిప్రక్క తీసినను ఇదే గతి. ఇట్టిదానిని దిద్దుటకు కూర్చుండక మరల తీయుట మేలు. పసుపు సోడియం దీపము క్రింద తీసినదానికిని దిద్దుబాటు లేదు. ఆ వెలుతురులో తక్కిన రంగులు లేనే లేవు, లేదా మిక్కిలి స్వల్పము.

మామిడిచెట్టు క్రింద, అరటితోటలో తీసినచో ఆకులగుండ వడిసి వచ్చిన వెలుతురు ఆకుపచ్చగా నుండును. ఎర్ర తువ్వాలు భుజముమీద వేసికొని ఆకుపై వంగి తీసినచో ఆ ఎరుపు ఆకుమీద పడును. రంగు గొడుగు పట్టినను అంతే. ఇవి చిన్న సంగతులుగా తోచునుగాని దగ్గరనుండి ఒక్క ఆకును తీయునప్పుడు చిన్నవి గావు.

మంచు సంగతియు చెప్పవలెను. మంచు తడిసిన ఆకు అద్దమువలె ఆకాశమును చూపును గనుక, ఆకుమీద తెల్లని, నీలపు మెరుపు పరచుకొని అసలు రంగు కనబడదు. ఆకును మెల్లగా తుడిచి, మెరుపు లేని కోణమునుండి తీయవలెను. ఫోను అద్దముమీదను మంచు, చెమట, మట్టివ్రేళ్ల జిడ్డు చేరును. అట్టి అద్దముతో సూర్యునివైపు తిరిగి తీసినచో ఫొటో మీద పాలపొరవంటి తెలుపును, ఊదా, గులాబి మచ్చలును వచ్చును. మెత్తని పొడిగుడ్డతో తుడిచి, సూర్యునికి వీపు పెట్టి తీసిన ఇవి పోవును. ఇంతకంటె చౌకైన మరమ్మతు మరియొకటి లేదు.

తెల్లకాగితము

అన్నిటికి మూలమైన ఉపాయమొకటి. ఆకు ప్రక్కన తెల్లకాగితము పెట్టి ఫొటో తీయుడు. గీతలు లేని సాదా కాగితము అరచేయి వెడల్పున చాలును. ఆకుమీద ఏ వెలుతురు పడుచున్నదో అదే వెలుతురు కాగితముమీదను పడవలెను; ఆకు నీడలో, కాగితము ఎండలో నుండగూడదు. అప్పుడు ఎక్కడ నుండి చూచువారికైనను వెలుతురు రంగు కాగితముమీద కనబడును, మిగిలినది ఆకు రంగు. మా కొంగ చేసిన పనిని కాగితము చేయును, ఎగిరిపోదు కూడ.

ఇందు రెండు జాగ్రత్తలు. కాగితము మరీ వెలిగి, తెల్లని మచ్చగా మారిన యెడల దానివలన ప్రయోజనము లేదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలము మూడును నిండిపోయి, ఏది ఎక్కువో చెప్పుటకు వీలుండదు. తెరమీద కాగితమును వ్రేలితో తాకి, వచ్చు చిన్న సూర్యుని గుర్తును క్రిందికి జరిపి, కాగితము లేత బూడిదగా కనబడునంతవరకు వెలుతురు తగ్గింపవలెను. రెండవది, కాగితమునకు బదులు పంచె అంచును పెట్టవలదు. చాకలి నీలిమందు పెట్టిన పంచె మన కంటికి తెలుపైనను కెమేరాకు నీలమే. వార్తాపత్రిక అంచు మాసిన పసుపు. మెరయు స్టీలుగిన్నె ఆకాశమును చూపునుగాని తన రంగును చూపదు. బజారున దొరకు మిక్కిలి తెల్లని కాగితములలోను తెలుపు హెచ్చించు మందుండి కొంచెము నీలము చూపునుగాని, మన పనికి అది అడ్డము గాదు. ఎక్కువ పట్టింపుగలవారు ఫొటో సామానుల దుకాణములో ‘గ్రే కార్డు’ అను బూడిదరంగు అట్టను కొనవచ్చును.

కాగితమున్న ఫొటోను దిద్దుట సులభము. స్నాప్‌సీడ్ వంటి దిద్దుబాటు యాప్‌లో ‘వైట్ బాలెన్సు’ తెరచి, చుక్కగొట్టము గుర్తును తాకి, దానిని కాగితముమీద నుంచిన కాగితపు రంగు విరిగి, దానితోపాటు ఆకు రంగును సరిపడును. చుక్కగొట్టము లేని యాప్‌లలో రెండు జారుడుకడ్డీలుండును. ఒకటి నీలమునుండి పసుపునకు, రెండవది ఆకుపచ్చనుండి గులాబికి జరుపునవి. కాగితమును మాత్రమే చూచుచు వానిని జరుపుడు. పైరును చూచుచు జరిపిన మనకు నచ్చిన రంగు వచ్చునుగాని ఉన్న రంగు రాదు. ఫొటో మరీ ఎర్రబారి యున్నచో దిద్దినను ఫలము తక్కువ. సామాన్యముగా ఫోను దాచు ఫొటోలో ఒక్కొక్క రంగునకు 256 మెట్లే; నీలము మొదటనే అడుగంటి యున్నప్పుడు దానిని బలవంతముగా పైకి లాగిన గరుకు, మచ్చలు పైకి వచ్చును.

ఒకే చేనిని వారము వారము తీసి పోల్చదలచినవారు కెమేరాలోని ‘ప్రో’ పద్ధతిలో వైట్ బాలెన్సును సూర్యుని గుర్తుమీద నిలిపి తీయవలెను. యంత్రము తన ఊహలు మాని, ప్రతిసారియు ఒకే లెక్కను తీయును. కెల్విన్ అంకెలు కనబడు ఫోనులలో 5,500 దగ్గర నుంచవచ్చును. ఇచ్చట ఒక తికమక యున్నది: వెలుతురు అంకె పెరిగిన వెలుతురు నీలమగుననియు మనము చెప్పుకొంటిమి, ఫోనులో అంకె పెంచినచో ఫొటో పసుపగును. వెలుతురు అంత నీలముగా నున్నదని మనము చెప్పగా, విరుగుడుగా ఫోను పసుపు కలుపుచున్నదని గ్రహించిన తికమక యుండదు.

ఎప్పుడు తీయవలెను

రంగు కావలసిన ఫొటోకు, ప్రొద్దు పొడిచిన తరువాత సుమారు రెండు గంటలు ఆగుడు. గడియారము లేకున్నను మీ నీడ మీ ఎత్తునకు రెండింతలకంటె పొట్టిదైన వేళ అదియే. అప్పుడు ఆకుకు మీ ఒంటినీడ పట్టి, కాగితము పెట్టి తీయుడు. నీడలో కొంచెము నీలము వచ్చినను అంతటను సమానముగా నుండును గనుక కాగితముతో సరిపోవును.

తెల్లవారుజామున అసలు తీయవద్దని మా మాట గాదు. బాక్టీరియా ఎండాకు తెగులు పట్టిన లేత ఆకుల అంచున పాలవంటి జిగురు చుక్కలు ఉదయముననే చక్కగా కనబడును. ఎండ ఎక్కిన పిదప ఎండి చిన్న పసుపు గింజలుగా మారును. ఇట్టి గుర్తులకు, పురుగులకు, ఎలుక కొరుకుళ్లకు రూపము ముఖ్యము, రంగు గాదు. వానిని ఉదయమే తీయుడు. రంగునుబట్టి ఎరువు నిర్ణయింపవలసినప్పుడు మాత్రము మరల రెండవసారి చేనికి పోవలసినదే. ఒక బస్తా యూరియాకంటె ఆ నడక చౌక.

నిజమునకు వరిలో నత్రజని చూచుటకు ఫొటోకంటె ఆకురంగుల పట్టిక మేలు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వ్యాప్తికి తెచ్చిన ఈ ప్లాస్టికు పట్టికలో లేతపచ్చనుండి ముదురుపచ్చవరకు నాలుగు పలకలుండును. నాటిన రెండు వారములనుండి పూతవరకు వారము పదిదినముల కొకసారి, ఉదయము 8 గంటలకు 10 గంటలకు మధ్య, ఒకే మనిషి, మడిలో పది దుబ్బులనుండి పైన పూర్తిగా విచ్చిన ఆకును తన ఒంటినీడలో పట్టికతో పోల్చవలెను. పదింటిలో ఆరు లేక అంతకు మించిన ఆకులు ఆ రకమునకు నిర్ణయించిన పలకకంటె లేతగా నున్నప్పుడే యూరియా. పట్టికయు ఆకును ఒకే వెలుతురులో నుండుటచే ఇచ్చట వెలుతురు మోసము సాగదు. పట్టికను ఫొటో తీసి, ఆ ఫొటోతో ఆకును పోల్చువారున్నారు, అది పనికిరాదు.

ఇకమీదట మాకు పంపు సభ్యులు మూడు ఫొటోలు పంపవలెను: దుబ్బు మొత్తము ఒకటి, క్రింది ముదురాకు కాగితముతో ఒకటి, పైలేతాకు కాగితముతో ఒకటి. నత్రజని లోపము క్రింది ముదురాకులలో మొదట కనబడును. ఇనుము, గంధకముల లోపము పైలేతాకులలో కనబడును గనుక రెండును కావలెను. ఫొటో తీసిన గంటను, నాటిన దినమును, వేసిన ఎరువును క్రింద వ్రాయుడు. దిద్దిన ఫొటో పంపినచో దిద్దనిదానిని కూడ పంపుడు. కాగితము లేని ఫొటో చూచి మేమికమీదట ఎరువు చెప్పము.